డబ్బాయే కదా అనుకున్నాను
(మా ఊరి తెలుగు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకన్నా ముందు మాట్లాడిన మాస్టారు ప్రబంధ నాయికల గురించి ముప్పావుగంట మధురంగా చెప్పారు. ఇప్పుడు నేనొచ్చి కంప్యూటరు డబ్బా గురించి చెప్పాలి. పాయసం తాగిన నోటికి పచ్చిమిరపకాయ అందించినట్టుంటుంది, క్షమించాలి. "పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అని కార్యదర్శి గారు అడిగారు. ఈ మధ్య నాకు బాగా బుద్ధి చెప్పింది ఇదొక్కటే కాబట్టి ఇదే ఎంచుకున్నాను.

ముందు పేరు సంగతి. మన ఇళ్ళల్లో ఆ పెట్టె మొత్తాన్నీ సీపీయూ అంటారు. నిజానికి సీపీయూ అంటే లోపల అగ్గిపెట్టంత ఉండే ప్రాసెసరు మాత్రమే. ఇండియాలో షాపులవాళ్ళు పెట్టెని క్యాబినెట్ అంటారు, ఇక్కడ కేసు అంటారు. కేసు అంటే మనకి కోర్టు గుర్తొస్తుంది కనక నేను డబ్బా అనే అంటాను.

నా మొదటి డబ్బా 2000లో కొన్నాను. అప్పుడు ఇంజనీరింగు మూడో సంవత్సరం. హాస్టల్లో నలుగురం చందాలు వేసుకుని, తెల్లారుజామున రైలు దిగి, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం. మదర్‌బోర్డు గురించి, ర్యామ్ గురించి పది షాపుల్లో బేరమాడాం. క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి మా చర్చ అర నిమిషంలో తేలిపోయింది. ముందువైపు పచ్చలైటు బాగుందని ఒకడన్నాడు, అంతే. రూముకి తెచ్చి బిగిస్తుంటే లోపలి రేకు అంచు నా బొటనవేలు కోసింది. ఆ మచ్చ ఇంకా ఉంది. ఏప్రిల్ వచ్చేసరికి పెట్టె కాలిపోతుంటే పక్క రేకు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి నడిపించాం. ఇంజనీరింగు పూర్తయ్యేదాకా ఆ రేకు మంచం కిందే ఉంది.

అప్పుడది చెల్లింది. పెంటియం త్రీ ప్రాసెసరు తినే కరెంటు ఇరవై, ముప్పై వాట్లే. మన పాతకాలపు గుండు బల్బు కన్నా తక్కువ. ఇప్పుడు అలా కాదు. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 320 వాట్లు తింటుంది. 2022లో వచ్చిన 4090కైతే 450 వాట్లు. తిన్నదంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. అంటే మనం ఒక డబ్బాలో చిన్న రూమ్ హీటరు పెట్టి మూత బిగిస్తున్నామన్నమాట.

ఇది నాకు తెలియని సంగతి కాదు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్షలో డిస్టింక్షన్ కూడా వచ్చింది. తరవాత మనలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడి, చదివింది అటకెక్కించాను.

2022 డిసెంబరు సెలవుల్లో మా అబ్బాయీ నేనూ కలిసి ఒక కంప్యూటరు బిగించాం. వాడికి బొమ్మల సినిమాలు చెయ్యడం సరదా. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు గీసి రాత్రికి వదిలేస్తే, తెల్లారేసరికి కంప్యూటరు ఒక్కొక్క ఫ్రేమూ రంగులు వేసి పెడుతుంది. ఆ రాత్రంతా పూర్తి లోడు మీద నడుస్తుంది. డబ్బా ఎంపిక మళ్ళీ అర నిమిషమే. ముందంతా నల్లటి గాజు పలక, వెనకాల రంగురంగుల లైట్లు. "డాడీ, కూల్‌గా ఉంది" అన్నాడు మావాడు. వాడన్న కూల్ వేరు, నాకు కావలసిన కూల్ వేరు అని నాకు తోచలేదు. డెస్కు కింద గెస్ట్ రూములో ఉంది కాబట్టి అక్కడే పెట్టాం.

2023 మేలో మా అమ్మ నరసరావుపేట నుంచి వచ్చింది. నాన్నగారు పోయాక ఒంటరిగా రావడం అదే మొదటిసారి. మెట్లు ఎక్కలేదని గెస్ట్ రూము ఇచ్చాం. "రాత్రిళ్ళు కంప్యూటరు నడుస్తుంటుందమ్మా, ఇబ్బందా?" అని అడిగాను కూడా. "నాకేం ఇబ్బందిరా, మీ పనులు మీరు చేసుకోండి" అంది. అడిగేశాను, అయిపోయిందనుకున్నాను.

జులైలో ఒకరోజు ఆఫీసు కాల్ కోసం నాలుగింటికి లేచి కిందికొస్తే, హాల్లో సోఫా మీద దుప్పటి ముసుగు. అమ్మ. ఏమైందంటే "ఊరికేరా, మెలకువొచ్చింది" అంది. ఆ సాయంత్రం కార్లో మావాడు మెల్లిగా బయటపెట్టాడు. "నానమ్మ రోజూ సోఫాలోనే పడుకుంటుంది డాడీ. ఆ సౌండుకి నిద్ర పట్టదట. నీకు చెప్పొద్దంది, నా ప్రాజెక్ట్ ఆగిపోతుందని."

దాదాపు రెండు నెలలు. నడుము నొప్పి మనిషి. నా ఇంట్లో, నేను బిగించిన డబ్బా వల్ల.

"ఆ పెట్టెని ఇంకో గదిలోకి మార్చొచ్చుగా?" అని మీరనుకుంటున్నారు. ఆ రాత్రే మార్చాం, పైన మావాడి గదిలోకి. రెండో రోజుకి వాడూ సోఫా మీదికి చేరాడు! డబ్బాని మార్చినా రోగం తగ్గలేదు.

శనివారం పొద్దున దాన్ని హాల్లోకి తెచ్చి, రెండరింగుకి వదిలి, కారణం వెతకడం మొదలుపెట్టాను. గ్రాఫిక్స్ కార్డు 83 డిగ్రీలు, దాని ఫ్యాన్లు నిమిషానికి 2100 చుట్లు. నేను స్క్రీన్ మీద గ్రాఫులు చూస్తుంటే అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి, డబ్బా ముందు అరచెయ్యి పెట్టి చూసింది. "దీనికి గాలి ఎటునుంచి వస్తుందిరా? ముందంతా అద్దమేగా" అంది. అద్దానికీ చట్రానికీ మధ్య ఉన్న వేలెడు సందు చూపించాను. "మన ఇంట్లో కూలరు కిటికీకి అట్ట అడ్డం పెట్టి ఎంత తిప్పినా ఏం లాభం? మోత తప్ప గాలుండదు. గాలి వచ్చే దారీ ఉండాలి, పోయే దారీ ఉండాలి" అంది.

పల్నాటి ఎండల్లో యాభై ఏళ్ళు కూలరు నడిపిన మనిషి. ఆ మాటతో నా డిస్టింక్షన్ మళ్ళీ అటక దిగింది.

గాజు పలక ఊడదీశాను. ఇంకేమీ మార్చలేదు. పావుగంటలో కార్డు 83 నుంచి 74 డిగ్రీలకు దిగింది, ఫ్యాన్లు 1600 చుట్లకు తగ్గాయి. హోరు సగానికి పైగా చచ్చింది. అద్దం తగిలిస్తే మళ్ళీ మొదటికే. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. చల్లగా ఉండాలంటే మోత తప్పదు, మోత వద్దంటే వేడి భరించాలి అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మోత అనేది వేడి పెట్టుకునే మొర. డబ్బాకి ఊపిరి ఆడితే చల్లదనం, నిశ్శబ్దం రెండూ కలిసే వస్తాయి.

ఇక్కడ కాస్త లెక్క చెబుతాను, భయపడకండి. నిమిషానికి ఒక ఘనపుటడుగు గాలి, ఒక డిగ్రీ వేడెక్కుతూ 0.57 వాట్ల వేడిని మోసుకుపోతుంది. మా డబ్బాలో పుట్టేది సుమారు 400 వాట్లు. లోపలికొచ్చిన గాలి పది డిగ్రీలకు మించి వేడెక్కకుండా బయటికి పోవాలంటే నిమిషానికి 70 ఘనపుటడుగులు కదలాలి. అడ్డం వల్ల అది 35కి పడిపోతే గాలి ఇరవై డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ వేడిగాలితోనే గ్రాఫిక్స్ కార్డు తనని తాను చల్లబరుచుకోవాలి. అందుకే దాని చిన్న ఫ్యాన్లు గొంతు చించుకుంటాయి. ఒక హెచ్చరిక. ఫ్యాను పెట్టె మీద రాసే ఘనపుటడుగుల అంకె ఎదురుగా ఏ అడ్డూ లేకుండా కొలిచింది. గాజు వెనకాల ఆ అంకెకు విలువ లేదు.

ఇక ఫ్యాన్ల సంగతి. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి సగమైనట్టు ఉంటుంది. అంటే ఒక ఫ్యాను పరుగెత్తడం కన్నా రెండు ఫ్యాన్లు నడవడం మేలు. ఒకేలాంటి ఫ్యాను రెండోది చేర్చితే పెరిగేది మూడు డెసిబెల్సే. అలాగే పెద్ద ఫ్యాను మేలు. 120 మి.మీ. ఫ్యాను కన్నా 140 మి.మీ. ఫ్యాను వైశాల్యం 36 శాతం ఎక్కువ, కాబట్టి నిదానంగా తిరిగినా సరిపోతుంది. మన ఇళ్ళల్లో సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిరిగి గదంతటికీ గాలిస్తుంది, చిన్న టేబుల్ ఫ్యాను గోల పెడుతుంది. అదే సూత్రం.

మరి 'సైలెంట్ కేసు' అని అమ్మేవి ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. 2005లో యాంటెక్ వారి పీ180 వచ్చింది. సైలెంట్ పీసీ రివ్యూ నడిపిన మైక్ చిన్ సలహాతో చేసిన డబ్బా అది. రెండు అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టిన పలకలు, పవర్ సప్లైకి కింద వేరే గది. అప్పటి కంప్యూటర్లకు ఆ పద్ధతి బాగా పనికొచ్చింది. కానీ వందల వాట్లు కక్కే కార్డులొచ్చాక మూసిన తలుపులతో నెగ్గుకురావడం కష్టం. పలకలకు అంటించే నురగ, తారు పొరలు సన్నటి కీచుశబ్దాన్ని కొంత మింగుతాయి, రేకు అదురు తగ్గిస్తాయి. గాలి హోరుని పెద్దగా ఆపలేవు. మోత పుట్టకుండా చూడటం మొదటి పని, పుట్టాక మింగించడం రెండో పని.

ఇంకో విషయం. అమ్మ నాతో అంది: "ఒకేలా మోగితే అలవాటైపోయేదేమోరా. కాసేపు తగ్గుతుంది, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ లేస్తుంది." ప్రాసెసరు వేడి క్షణక్షణం మారుతుంది, ఫ్యాను దాని వెంటే పైకీ కిందికీ పరుగెడుతుంది. దీనికి పైసా ఖర్చులేని మందుంది. బయోస్ సెట్టింగుల్లో ఫ్యాను వేడికి వెంటనే స్పందించకుండా కొన్ని సెకన్లు ఆగి మారేలా పెట్టొచ్చు. కొత్త డబ్బా కొనేముందు ఇది చేసి చూడండి.

ఇప్పుడు గట్టిదనం సంగతి. డబ్బాని షాపులో చూసే అవకాశముంటే చూడటం కాదు, తడమండి. నేను తడిమే వరస చెబుతాను.

ఒకటి, ముందు భాగం. జల్లెడలా ఉందా? వెలుగుకి అడ్డం పెడితే ఆవలి వెలుతురు కనబడాలి. గాజో, గట్టి ప్లాస్టిక్కో ఉంటే పక్కన వదిలిన సందు ఎంతో చూడండి. రంగులైట్ల మోజు పిల్లలకి ఉంటే తప్పులేదు, పక్కన గాజు పెట్టుకోవచ్చు. ముక్కు మాత్రం ముయ్యొద్దు.

రెండు, రేకు. పక్క పలక తీసి చేత్తో మెలితిప్పినట్టు వంచండి. అర మిల్లీమీటరు రేకైతే లొడలొడలాడుతుంది, అది రేపు ఫ్యానుతో కలిసి పాడుతుంది. 0.8 మి.మీ. రేకైతే నిబ్బరంగా ఉంటుంది. లోపలి అంచుల మీద వేలు మెల్లిగా నడపండి. మడిచారా, కోసి వదిలేశారా తెలుస్తుంది. వదిలేస్తే నా బొటనవేలే సాక్ష్యం.

మూడు, మదర్‌బోర్డు కూర్చునే ఇత్తడి స్టాండాఫ్‌లు. అవి నిటారుగా ఉండాలి, రంధ్రాలతో కలవాలి. ఏటీఎక్స్ కొలతలు ఇంటెల్ 1995లో తెచ్చిన ప్రమాణం, బోర్డు 305 గుణించు 244 మి.మీ. ఇన్నేళ్ళయినా అదే నడుస్తోంది. అంటే మంచి డబ్బా ఇవాళ కొంటే రెండు మూడు కంప్యూటర్లు దాని గుండా వెళ్ళిపోతాయి. ప్రాసెసరు పాతబడుతుంది, డబ్బా పాతబడదు. ఖర్చు పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. అయితే బోర్డుకి అక్కరలేని చోట స్టాండాఫ్ మిగిలిపోతే తీసెయ్యండి, షార్టు కావచ్చు.

నాలుగు, కొలతలు. గ్రాఫిక్స్ కార్డులు ఇప్పుడు అడుగు దాటి పొడవుంటున్నాయి. నిలువు కూలర్లూ అంతే. నాక్టువా వారి ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165 మి.మీ. డబ్బా ఎంత పట్టగలదో దాని వివరాల్లో రాసి ఉంటుంది. పెళ్ళికూతురి కొలతలు లేకుండా జాకెట్టు కుట్టించకండి.

ఐదు, ఫిల్టర్లు. ముందు, కింద జల్లెడలుండాలి, అవి సులువుగా ఊడి రావాలి. స్క్రూలు విప్పి కడగాల్సినవైతే మనం కడగం. లోపలికి ఊదే గాలి బయటికి లాగే గాలికన్నా కాస్త ఎక్కువుంటే మంచిది. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము ఫిల్టరు దగ్గరే ఆగుతుంది.

ఈ ఐదోది ఇండియాలో తల్లిదండ్రులకి కంప్యూటరు కొనిచ్చేవాళ్ళకి మరీ ముఖ్యం. మే నెలలో నరసరావుపేటలో గదిలోనే నలభై డిగ్రీలుంటే, ఎంత గొప్ప ఫ్యాన్లు పెట్టినా పెట్టె లోపల అంతకన్నా చల్లబడదు. గాలి గదిలోదే కదా. అక్కడ భారీ కార్డుల జోలికి పోకుండా తక్కువ వాట్ల ప్రాసెసరు పెట్టి, జల్లెడ ముఖం డబ్బా కొని, ఫిల్టరు కడిగే పని పక్కింటి కుర్రాడికి అప్పగించడం ఉత్తమం.

చివరికి మేమేం కొన్నామంటారా? నాకు కమీషనేమీ లేదు కాబట్టి చెబుతాను. లియాన్ లీ వారి లాన్‌కూల్ 216. ముందు 160 మి.మీ. ఫ్యాన్లు రెండు, వెనక 140 మి.మీ. ఫ్యాను ఒకటి, ముందంతా జల్లెడ. స్వీడన్ వారి ఫ్రాక్టల్ టోరెంట్ కూడా చూశాం. దానికి ముందు 180 మి.మీ. ఫ్యాన్లు రెండు, ఇంకా ఘనంగా ఉంది, ధర కూడా ఘనమే. అవే భాగాలు, అదే కార్డు కొత్త డబ్బాలోకి మార్చాం. ఈసారి మావాడు బిగించాడు, అమ్మ స్క్రూల గిన్నె పట్టుకుంది. పూర్తి లోడులో కార్డు 71 డిగ్రీలు, ఫ్యాన్లు 1400 చుట్లు. మంచం దగ్గర ఫోనుతో కొలిస్తే ఇదివరకు 46 డెసిబెల్స్ చూపించింది, ఇప్పుడు 34. ఫోను కొలత నిక్కచ్చి కాదు కానీ తేడా నిజమే, చెవికి తెలుస్తోంది.

పాత డబ్బాని ఎవరికీ ఇవ్వలేదు. గాజు పలక తీసి గరాజులో పెట్టాను, చూసినప్పుడల్లా గుర్తుంటుందని.

అమ్మ నవంబరులో వెళ్ళిపోయింది. మళ్ళీ నిరుడు వేసవిలో వచ్చింది. మావాడి సినిమా రెండరింగు అప్పుడూ రాత్రంతా నడుస్తోంది, డెస్కు మళ్ళీ అదే గదిలో ఉంది. మొదటి రాత్రి పడుకోబోయే ముందు అడిగాను, "చప్పుడేమైనా వస్తోందా అమ్మా?" అని. "ఏం లేదురా, హాయిగా ఉంది, నువ్వెళ్ళి పడుకో" అంది. 2023లోనూ ఇంచుమించు ఇదే మాట అంది కదా! అందుకని ఈసారి నమ్మలేదు. లైటు తీసేసి, కుర్చీ లాక్కుని, పావుగంట ఆ గదిలోనే కూర్చుని నా చెవులతో నేను విన్నాను. ఆ పావుగంటలోనే అమ్మ గురక మొదలైంది. డబ్బా కన్నా అదే ఎక్కువ వినబడింది.

అప్పుడు పైకెళ్ళి పడుకున్నాను.  ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, ముందు మాస్టారి ఆకలి సంగతి చూద్దాం. సెలవు.